మామ పచ్చిక, అత్తమ్మ తంగేడు

ఈ పొద్దున మా ఎదురింటి ముందు ఒక వ్యాను ఆగింది. కొత్తగా కట్టుకున్న ఇల్లు, గృహప్రవేశం తోరణాలు ఇంకా దించలేదు. వ్యాను వెనక తలుపు తెరవగానే చాపలు చుట్టినట్టు చుట్టిపెట్టిన పచ్చగడ్డి కనిపించింది. ఇద్దరు మనుషులు ఆ చుట్టలను భుజాన వేసుకుని లోపలికి మోస్తుంటే, ఆ ఇంటి కోడలు గేటు దగ్గర నిలబడి ఏది ఎక్కడ పరచాలో చూపిస్తోంది. నేను చాయ్ గ్లాసుతో వరండాలో అలాగే నిలబడిపోయాను. తెల్ల లుంగీ, బనియను, చేతిలో రబ్బరు పైపుతో మా మామ కళ్ల ముందుకొచ్చారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఉండి ఉంటే ఈపాటికి రోడ్డు దాటి వెళ్లి, ఆ అమ్మాయిని ఆపి, గడ్డి గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చి ఉండేవారు. ఏం చెప్పేవారన్నది మాత్రం ఏ వయసు మామ అన్నదాన్ని బట్టి ఉంటుంది. రిటైరైన కొత్తలోని మామ అయితే ఒకటి చెప్పేవారు, చివరి ఏళ్లలోని మామ అయితే దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పేవారు. రెండు ఉపన్యాసాల పొడవూ ఒకటే.

మామ ఉద్యోగమంతా బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా గడిచింది. సీజను వస్తే చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవనీ, మడ్డి వాసన బట్టలకు పట్టి ఎంత ఉతికినా వదిలేది కాదనీ, నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తమ్మ చెప్పేది. మామను అడిగితే మాత్రం ఆఫీసర్ల బంగ్లాల ముందున్న పచ్చిక గురించే చెప్పేవారు. ఆదివారం పూట అర్జెంటు కాగితం మీద సంతకం కావాలంటే గుమాస్తాలు ఆ బంగ్లాలకు వెళ్లాల్సి వచ్చేది. సాబ్ పచ్చిక నడుమ పేము కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతుంటే, మామ పక్కన కంకర దారి మీద నిలబడి ఉండేవారట. అడుగు పెట్టవద్దని ఎవరూ అనలేదు. అయినా కాలు ముందుకు పడేది కాదు. "గా గడ్డి కాలికి ఎట్ల తాకుతదో నౌకరి చేసినన్ని రోజులు నాకు తెల్వనే లేదు బిడ్డా" అని ఒకసారి నాతో అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు.

అందుకని రిటైరయ్యాక నిజామాబాద్‌లో జాగా తీసుకుని ఇల్లు కట్టేటప్పుడు, ఇల్లు వెనక్కి జరిగింది, ముందంతా పచ్చికకు పోయింది. వంటగదిలో ఇద్దరం నిలబడితే ఒకరు గోడకు ఆనుకోవాల్సిందే. పచ్చిక మాత్రం కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నట్టుండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోయాలి. వారం వారం కోయించాలి. ఏదైనా వేరే మొలక తల ఎత్తితే మామ కళ్లజోడు సవరించుకుని, వంగి, దాన్ని వేళ్లతో సహా పీకేవారు. మధ్యలో ఒక పేము కుర్చీ. సాయంత్రం అందులో కూర్చుని చెప్పులు విడిచి, అరికాళ్లు గడ్డికి ఆనించి చాయ్ తాగేవారు. ఆ అరగంట ఆయన ముఖం చూడటానికి ఎంత బాగుండేదో చెప్పలేను. చిక్కల్లా ఏమిటంటే ఆ సుఖం ఆయనొక్కరికే. పిల్లలు ఆడితే గడ్డి నలుగుతుంది, మేము నడిస్తే దారి పడుతుంది, మిరపకాయలు ఆరబోస్తే ఘాటుకు మాడుతుంది. "పచ్చిక మీద నడవరాదు" అని ఒక రేకు బోర్డు కూడా రాయించి పెట్టారు. వచ్చిన చుట్టాలు అది చదివి, ఇది ఇల్లా పార్కా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. అత్తమ్మ తులసి దగ్గరికి వెళ్లాలంటే గోడ వెంట చుట్టూ తిరిగి వెళ్లేది. "బర్రె లేని ఇంట్ల గింత గడ్డెందుకు బిడ్డా?" అని నన్ను అడిగేది. అడగాల్సిన మనిషి అక్కడే పేపరు చదువుతూ ఉండేవారు. మా ఇంట్లో అది రివాజు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోవాల్సినవన్నీ నా ద్వారా చెప్పుకునేవారు. "మీ మామకు చెప్పు" అని ఆమె, "మీ అత్తకు చెప్పు" అని ఆయన. ముగ్గురమూ ఒకే గదిలో ఉండేవాళ్లం, నేను నోరు తెరిచి చెప్పేలోపే జవాబు వచ్చేది, అదీ నాకే వచ్చేది.

అత్తమ్మది నందిపేట్ దగ్గర పల్లె. పసుపు చేలల్లో పెరిగిన మనిషి. బతుకమ్మ పేర్చడంలో ఆమె చేయి తిరిగినదని మా వాడకట్టులో పేరు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు పూల కట్టలు, తంగేడు, బంతి వరుసగా పేర్చుకుంటూ పోతే ఆ గుండ్రం ఎక్కడా వంకర పోయేది కాదు. మేం ఇక్కడికి వచ్చిన మొదట్లో కాలనీ వెనకాల బయలు భూమి ఉండేది. అక్కడికి వెళ్తే చాలు, తంగేడు పసుపచ్చగా విరగబూసి ఉండేది. ఆ తర్వాత ఆ బయలులో రాళ్లు పాతారు, రోడ్లు గీశారు, ప్లాట్లు అయ్యాయి. తంగేడు ఏడాదికొక ఊరు చొప్పున వెనక్కి పోయింది. అత్తమ్మ మోకాళ్లు కూడా అదే వేగంతో అరిగాయి. చివరికి బజారులో వాడిన కట్టలు కొనే రోజు వచ్చింది, ఒక ఏడాది అవి కూడా దొరకలేదు. ఆమె బంతిపూలు, కాగితం పూలతోనే పేర్చి, కాస్త దూరం జరిగి చూసుకుంది. "తంగేడు లేంది గిదేం బతుకమ్మ? వచ్చే యేడు సంది నేను పేర్చ. మీ మామకు చెప్పు" అంది. మామ పేపరు తిప్పారు. కోపంతో అన్నదైతే సాయంత్రానికి చల్లారుతుంది. ఆమె శాంతంగా అంది. బతుకమ్మ లేని అత్తమ్మను నేను ఊహించుకోలేకపోయాను. ఆ రాత్రి వంట చేస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

మరుసటి ఎండాకాలం మా బోరు గాలి కక్కింది. మోటరు వేస్తే గొర్రు గొర్రుమని చప్పుడు తప్ప చుక్క రాదు. పక్కింటావిడను అందరం ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాం. వాళ్లది తాతల నాటి ఇల్లు, పెరట్లో చేదబావి ఉంది. వాళ్ల పెద్దలు బోధన్‌లో బట్టల వ్యాపారం చేసినవాళ్లు, ఈమె కోడలుగా వచ్చిన నాటి నుంచి ఆ బావి నీళ్లే తాగిందట. మా అవస్థ చూసి ఆమె తనే పిలిచి నీళ్లు తోడుకోమంది. మేం బిందెలు మోసుకొచ్చి డ్రమ్ములో పోసుకునేవాళ్లం. వంటకు, తాగడానికి, స్నానాలకు పొదుపుగా వాడుతున్నా డ్రమ్ము సాయంత్రానికి అడుగంటేది. నీళ్లెక్కడికి పోతున్నాయా అని నేను తికమక పడుతుంటే, అత్తమ్మ కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపింది. మామ బకెట్టుతో నీళ్లు తీసుకెళ్లి పచ్చికకు చిలకరిస్తున్నారు. ఒక్కో పరకకు తీర్థం ఇచ్చినట్టు జాగ్రత్తగా, చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని ఓ కన్ను వేసి ఉంచి.

చూడాల్సిన వాళ్లు చూశారు. ఒకరోజు ఆపా గోడ దగ్గరికి వచ్చి, తల మీద కొంగు సర్దుకుని, చాలా మర్యాదగా మాట్లాడింది. "చాచా, తాగనీకి, వండుకోనీకి ఎన్ని బిందెలు కావాల్నో తీస్కపోండ్రి, నన్ను అడిగేదే లేదు. బావిల నీళ్లు అడుగుకు పోయినయ్. గడ్డికి పోస్తున్నరని తెలిసినంక నా మనసుకు మంచిగనిపిస్తలేదు." అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. మామ చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది. ఎవరినైనా గద్దించగల మనిషి, ఆమె మాటకు మాత్రం తల దించుకున్నారు. "తప్పయింది బేటీ" అని ఇంట్లోకి వచ్చి, ఆ రోజు సాయంత్రం పేము కుర్చీ జోలికి పోలేదు. పచ్చిక మొదట గోధుమ రంగుకు తిరిగింది, తర్వాత జుట్టు రాలినట్టు అక్కడక్కడా నేల బయటపడింది. ఆయన వరండాలో కూర్చుని దాని వంక చూస్తుంటే, ఇన్నేళ్లు ఆ పచ్చికను లోలోపల తిట్టుకున్న నాకు కూడా జాలేసింది.

తొలకరికి ముందు ఒకరోజు ఆయనే అన్నారు. "ఇగ గా గడ్డి రాదు. మీ అత్తకు చెప్పు, ఆమెకేం కావాల్నో పెట్టుకొమ్మని." ఆ మాట పూర్తయ్యేలోపే అత్తమ్మ చీరకొంగు నడుముకు దోపింది. మా ఆయన స్కూటరు తీసి భీమ్‌గల్ వైపు గుట్టల దగ్గరికి వెళ్లి, ఎదిగిన తంగేడు పొదలు తవ్వుకుని గోనెసంచుల్లో తెచ్చారు. మేం గడ్డి పీకేసి, గుంతలు తీసి, ఎరువు వేసి పండగలా నాటాం. వారం తిరక్కుండానే అన్నీ కట్టె అయిపోయాయి. మళ్లీ తెచ్చాం, మళ్లీ అదే కథ. తంగేడు వేరు నేలలోకి నిలువునా బారెడు దిగుతుంది, దాన్ని తెంపి తెచ్చి గుంతలో నిలబెడితే ఎట్లా బతుకుతుంది? ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అత్తమ్మ ఊహ తెలిసినప్పటి నుంచీ తంగేడు కోసిన మనిషి. నేను పిల్లలకు బళ్లో ఆ పువ్వు గురించి పాఠం చెప్పినదాన్ని. కానీ దాన్ని నాటినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. అది ఎవరూ నాటకుండానే అన్నిచోట్లా ఉండేది, మేం వెళ్లి కోసుకునేవాళ్లం. ఎండిన పొదలను పీకేటప్పుడు మామ ముఖంలో ఓ చిన్న వెలుగు కనిపించింది. నేను కనిపెట్టానని ఆయనా కనిపెట్టారు.

చివరికి గింజలతో మొదలుపెట్టాం. ఎండుకాయలు తెంపుకొచ్చి, గింజలు రాల్చి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి నాటితే జతలు జతలుగా మొలకలు వచ్చాయి. పక్కన గునుగు గింజలు చల్లాం, గోడ వెంట గుమ్మడి తీగ పాకించాం, మిగిలిన జాగాలో బంతి. గునుగు మొలిచిన రోజు మామ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "లోకమంత కలుపు పీకి పారేస్తరు, మా ఇంట్ల కలుపుకు నీళ్లు పోస్తున్నరు" అన్నారు, నాతోనే. అత్తమ్మ కూడా నాతోనే జవాబు చెప్పింది. "పసుపు చేన్ల కూలికి పోయి గింత గునుగు పీకిన నేను. పీకిన చేతులతోనే పెంచుతున్న. నీకేమైతుంది అని అడుగు." ఆ ఏడు గునుగు తెల్లగా, లేత గులాబీగా బాగానే వచ్చింది, తంగేడు మాత్రం మోకాలెత్తు కూడా కాలేదు. అత్తమ్మ అన్న మాట మీదే నిలబడింది. బతుకమ్మ పేర్చలేదు. పక్కవాళ్ల బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొట్టి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేసింది. ఇక అన్నీ వచ్చే ఏటి మీదే ఆధారపడ్డాయి. ఆమె వయసులో వచ్చే ఏడు అనడం ఎంత కష్టమో నాకు ఈమధ్యే కొద్దికొద్దిగా తెలుస్తోంది.

రెండో ఏడు వానలు పడేసరికి పొదలు గోడను దాటాయి. నీళ్లు మేం పోసింది లేదు, వాన పోసిందే. ఆకులకు పచ్చ పురుగులు పట్టి కొమ్మలు కొమ్మలే నమిలేస్తుంటే, మామ మందు డబ్బా కోసం వెతికారు. "తిననియ్యమను. అవి తిన్నంక మల్ల చిగురేస్తది" అంది అత్తమ్మ. వద్దన్నందుకు మూతి ముడుచుకుని కూర్చున్న మామ, కొన్నాళ్లకు ఆ పురుగులే లేత పసుపు, తెలుపు సీతాకోకచిలుకలై లేవడం చూశారు. తర్వాత తంగేడు పూత మొదలైంది. నల్ల తుమ్మెదలు పొద్దున్నే వచ్చి పువ్వును పట్టుకుని జుమ్మని వణికేవి, ఆ చప్పుడు వంటగదిలోకి వినిపించేది. పేము కుర్చీ మళ్లీ బయటికొచ్చింది. మామ పేపరు చదవడం మానేశారు. ఏ పిట్ట ఏ పూట వస్తుందో చెప్పేవారు, చూడమని నన్ను పొయ్యి దగ్గర నుంచి పిలిచేవారు. అంతకుముందు ఎండాకాలంలోనే ఆపా బావిలో నీళ్లు అడుగంటకుండా నిలిచాయి. వానలు బాగా పడ్డాయో, మా బోరు కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చిందో, రెండూనో చెప్పలేను. ఆమె మాత్రం మామను పిలిచి బావిలోకి తొంగి చూడమంది. ఇంటికి వచ్చాక ఆయన రేకు బోర్డు పీకి పాత సామాను వాడికి ఇచ్చేశారు. అంతా బాగుంది అనుకున్నాను. అప్పుడే అసలు పేచీ మొదలైంది.

బతుకమ్మ రోజులు దగ్గరపడుతున్నకొద్దీ మామ కుర్చీ పొదలకు మరింత దగ్గరికి జరిగింది. మొదటిరోజు వాడకట్టు అమ్మాయి ఒకతె గేటు మీద నుంచి చేయి చాచి ఓ రెమ్మ అందుకోబోతే, "తెంపకుండ్రి" అని అరిచారు. పండగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందురోజు నాతో తేల్చి చెప్పేశారు. "గిన్ని రోజులు సాకితే గిప్పుడు పూసింది. ఒక్క పొద్దుల నరుక్కపోయి నీళ్లల్ల ఏస్తరా? మీ అత్తకు చెప్పు, బజార్ల కొనుక్కొమ్మని." నేను ఆ మాట అత్తమ్మకు చెప్పలేకపోయాను. చెప్పాల్సిన పని కూడా లేదు, ఆమె గుమ్మంలోనే ఉంది. లోపలికి వెళ్లింది. మర్నాడు తెల్లవారగానే తాంబాళం చింతపండుతో తోమి, తుడిచి, వరండాలో వాల్చి, దాని పక్కన ఖాళీ చేతులతో కూర్చుంది. ఇంటి ముందు తోట నిండా పూలు, ఆమె ముందు ఖాళీ తాంబాళం. నాకు మామ మీద పట్టలేనంత కోపం వచ్చింది. నోరు తెరవబోయాను. ఇన్నేళ్లలో మొదటిసారి నా అవసరం లేకపోయింది.

"ఓ అయ్యా, ఇటు సూడు" అంది అత్తమ్మ, నేరుగా ఆయనతోనే. "నీ గడ్డి ఉన్నన్ని రోజులు నేను దాని మీద అడుగు పెట్టలే. గోడ పట్టుకోని తిరిగిన. గిప్పుడు నా తంగేడుకు కూడ నువ్వే కావలా? నేనింక ఎన్ని బతుకమ్మలు పేరుస్తననుకున్నవ్?" మామ కుర్చీలోంచి లేచారు. గేటు బయట పళ్లేలు పట్టుకుని వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు, లోపలికి రావచ్చో లేదో తెలియక, కాళ్లు ముందుకు పడక. మామ వాళ్ల పాదాల వైపు చూశారు. ఆ ముఖంలో నేను చూసింది కోపం కాదు, బంగ్లా ముందు కంకర దారి మీద ఆగిపోయిన గుమాస్తాను. తర్వాత చకచకా లోపలికి వెళ్లి కొడవలి తెచ్చారు. వచ్చి, పొద ముందు నిలబడి, ఏం చేయాలో తెలియక, "ఎక్కడ కొయ్యాల్నే?" అని అడిగారు. ఆమెనే అడిగారు. అత్తమ్మ గోడ పట్టుకుని లేచి, వరండా దిగి, తోట నడుమ నుంచి నేరుగా నడిచి ఆయన పక్కకు వెళ్లింది. "గిక్కడ. కణుపు మీద. కోస్తెనే అది మల్ల పిలకలేస్తది" అని చూపించింది. ఆయన కోస్తుంటే ఆమె ఒడి పట్టింది. మామ గేటు వైపు తిరిగి, "గట్లనే నిలబడ్డరేంది? లోపలికి రండ్రి" అన్నారు. ఆపా కూడా తన పెరట్లోని బంతిపూలు గోడ మీద నుంచి అందించింది. ఆ రోజుతో మా ఇంట్లో నా రాయబారం ఉద్యోగం పోయింది. ఎన్నడూ ఏ ఉద్యోగం పోయినందుకూ నేను అంత సంతోషపడలేదు.

సాయంత్రం బతుకమ్మలన్నీ మా తోటలోనే దించారు. ఒకప్పుడు అడుగు పెట్టకూడని ఆ జాగాలో వాడకట్టంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టింది. కాలువకు బయలుదేరే వేళ అత్తమ్మ మోకాళ్లు మొరాయించాయి. తాంబాళం ఎత్తుకుని అంత దూరం నడవలేనంది. మామ కండువా చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, బతుకమ్మను ఎత్తించుకున్నారు. ఆడవాళ్లందరి నడుమ ఒకే ఒక్క మగమనిషి, తల కదపకుండా, చిన్న చిన్న అడుగులతో. "తల వంచకు, పడ్తది" అని ఆమె, "నాకెర్కనే నడువు" అని ఆయన, కాలువ దాకా పోట్లాడుకుంటూ వెళ్లారు. నీళ్లలో వదిలాక పసుపచ్చటి గుండ్రం మెల్లగా తిరుగుతూ పోయి కనుమరుగైంది. అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. మామ ఆమె చేయి పట్టుకుని గట్టు ఎక్కించారు.

మర్నాడు మొండి కొమ్మలు చూసి ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నెల తిరిగేసరికి పొదలు మళ్లీ చిగురించాయి, మరింత గుబురుగా. ఆ తర్వాత మామ ఎవరింటికి వెళ్లినా జేబులో గింజల పొట్లం ఉండేది. వేడినీళ్లలో నానబెట్టాలని, తవ్వుకొచ్చి నాటొద్దని చెప్పకుండా ఏ ఇంటి గడపా దిగేవారు కాదు. ఇప్పుడు మా వాడకట్టులో గేటు పక్కన తంగేడు లేని ఇల్లు వెతుక్కోవాలి. అత్తమ్మ ఇంకా పేరుస్తూనే ఉంది, తాంబాళం చిన్నదైంది అంతే. ఆ పచ్చిక మా ఇంటి ముందు ఇరవై ఏళ్లు ఒక్కతీరుగా పచ్చగానే ఉంది. ఇప్పుడు కూర్చుని ఎంత ఆలోచించినా అందులో ఒక్క రోజు కూడా నాకు విడిగా గుర్తు రాదు. పొద్దున కోసి సాయంత్రానికి నీళ్లలో వదిలిన ఆ పూల రోజు మాత్రం నాకు ఇంకా అయిపోలేదు.